ఎనిమిదో వంతు సీటు

వెనక గది, కిటికీ పక్క బల్ల
జూన్ మొదటి వారం

ఏమే గిలక్కాయా,

నువ్వు బాగున్నావని నీ చేతిరాతే చెప్తోంది కాబట్టి ఆ ప్రశ్న అడగను. మీ బావ కూడా బాగానే ఉన్నారు, నా మీద విసుగు తప్ప. భోజనాల బల్ల మీద విమానం వచ్చి పడుకుందిగా. ముక్కు గోడకి, తోక ఫ్రిజ్‌కి. ఆయన కంచం ఒళ్ళో పెట్టుకుని తింటూ, "రిటైరైన ఆడవాళ్ళు స్వెట్టర్లు అల్లుకుంటారు, నా ఖర్మ కొద్దీ మా ఆవిడకి జెట్ విమానం దొరికింది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు.

చెప్పుకోనీ. మీ ఆయన, మా మరిదిగారు నడిపే విమానమే ఇది, అసలుదానికి ఎనిమిదో వంతు. పెట్టెలో వచ్చిన బొమ్మ ముక్కలన్నీ అతికిస్తే బయటికి బాగానే ఉంది కానీ లోపల అంతా డొల్ల. చక్రాలు ముడుచుకునే గదిలో ఒక్క గొట్టం లేదు. అందుకని పాత ఫోను తీగ ఒలిచి, అందులోని రాగితో గొట్టాలన్నీ నేనే వంచి పెడుతున్నాను. కూల్‌డ్రింకు డబ్బా రేకు మీద మొండి సూదితో వెనక నుంచి నొక్కి మేకుల వరసలు తీశాను. చూస్తే నువ్వే నోరు తెరుస్తావు.

ఇక సీటు. పెట్టెలో ఇచ్చింది సీటు కాదే, పీట! ప్రమాదం వస్తే పైలట్‌ని విమానంలోంచి పైకి విసిరేసే సీట్లని విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం, ఇదే కదా నా ఉద్యోగమంతా. అలాంటి నేను ఆ పీటని లోపల పెట్టి ఎలా ఊరుకుంటాను? ప్లాస్టిక్ షీటు కోసి మొత్తం సీటు నేనే కట్టాను. గుడ్డ పని మాత్రం నా వల్ల కాదు, అది నీ విద్య. సీటు అడుగున వేసే దిండుకి కాగితం మీద కొలతలు గీసి దీంతో పంపుతున్నాను. దిండు, బెల్టులు కుట్టి పంపు. గుడ్డ ముదురాకుపచ్చ.

నా పద్ధతి నీకు తెలుసు. ఊహించి ఏదీ పెట్టను. అసలు విమానంలో ఉన్నదే నా విమానంలో ఉండాలి, ఉన్నదంతా ఉండాలి. మరిదిగారి విమానంలో ఉండి నా దాంట్లో లేనిది ఒక్కటి చూపించు, చెవి కోసిస్తాను.

నీ అక్క


క్వార్టర్స్, కుట్టుమిషను దగ్గర
జులై

అక్కా,

చెవి సిద్ధంగా ఉంచుకో. ముందు నీ పార్సిల్ సంగతి. బెల్టులు మూడుసార్లు ఊడదీసి కుట్టాను. మామూలు దారం మోకులా కనపడుతుంటే, పాత పట్టుచీర అంచులోంచి దారం లాగి కుట్టాను. ఎదురింటి వైర్‌లెస్ ఆఫీసరు భార్య వచ్చి, "బొమ్మ గౌనుకా?" అంది. "కాదు, యుద్ధ విమానానికి" అంటే నా మొహం ఒకలా చూసి వెళ్ళిపోయింది. ఈ పాటికి వీధంతా చెప్పేసి ఉంటుంది.

ఆయన బాగున్నారు. కాస్త చిరాకు ఎక్కువైంది, అంతే. సోఫాలో కుదురుగా కూర్చోరు, టీవీ కూడా నిలబడి చూస్తారు. నడుం పట్టేసిందంటారు. డాక్టరుకి చూపించుకోండి అంటే, "పైలట్లకి డాక్టరంటే శత్రువు" అని నవ్వేస్తారు.

ఇప్పుడు నీ చెవి సంగతి. పొట్లంలో నువ్వు అడిగిన దిండు కాక ఇంకో చిన్న దిండు ఉంటుంది, దాని మీద వెయ్యడానికి. అది నీకు తెలియదు, మీ వర్క్‌షాపుకీ తెలియదు! నువ్వు పంపిన కాగితం మీద ఒక్కో గీతనీ ఎనిమిది రెట్లు పెంచి పాత పేపర్ల మీద గీసుకున్నాను. ఆ కొలతకి మంచి మెత్తటి స్పాంజి కోసి, పైన అదే ఆకుపచ్చ గుడ్డ వేసి ఆయనకొక దిండు కుట్టిచ్చాను. రోజూ హెల్మెట్ సంచిలో మడిచి పట్టుకెళ్ళి సీటులో వేసుకుని కూర్చుంటున్నారు. బెల్టులు బిగించే మెకానిక్ అది సీటుదే అనుకున్నాడట, అంత బాగా కుదిరింది. నొప్పి సగం తగ్గిందని పెళ్ళయ్యాక మొదటిసారి నా కుట్టుమిషన్ని మెచ్చుకున్నారు.

కాబట్టి నీ విమానంలో ఆ దిండు లేకపోతే అది ఆయన విమానం కాదు. ఏ చెవి ఇస్తావో రాయి.

నీ గిలక్కాయ


వెనక గది
అర్జెంటు పోస్టు

తల్లీ,

ముందు ఈ ఒక్క పని చెయ్. ఆ దిండు ఇవాళే తీసి ముక్కలు ముక్కలుగా కత్తిరించెయ్. మిగతా ఉత్తరం తర్వాత చదువుకో.

నీ పొట్లం నవ్వుకుంటూ విప్పాను. నీ ఉత్తరం సగంలోకి వచ్చేసరికి నా మొహం చూసి మీ బావ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు. వెంటనే ఫోను చేశాను. మరిదిగారే ఎత్తారు. "వదినా, మన విమానం ఎంతవరకు వచ్చింది? గొట్టాలన్నీ పెట్టేశావా?" అని అంత ఆప్యాయంగా అడిగేసరికి అసలు సంగతి చెప్పలేకపోయాను. నువ్వు బజారుకెళ్ళావన్నారు. బెల్టులు బాగా కుట్టావని నీతో చెప్పమని ఫోను పెట్టేశాను. పిరికిదాన్ని. నువ్వు నాకు చెప్పావని తెలిస్తే నీ మీద ఎలా ఎగురుతారో అని భయమేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ ఆయనే ఎత్తుతారని, హాల్లో ఆయన పక్కన నిలబడి నువ్వేం మాట్లాడగలవని, ఇదిగో ఇలా రాస్తున్నాను.

విను. ఆ సీటు అడుగున మందు పేలి, సీటు మొత్తాన్ని కళ్ళు మూసి తెరిచేలోగా పైకి తంతుంది. కింద గట్టిగా ఉంటే మనిషీ సీటూ ఒక్కసారే లేస్తారు. మధ్యలో మెత్తటిది ఉందనుకో, అది నలిగేదాకా మనిషి ఉన్నచోటే ఉంటాడు, సీటు మాత్రం వేగం అందుకుంటుంది. అందుకుని అప్పుడొచ్చి కింద నుంచి వెన్నుని గుద్దుతుంది. వెన్నుపూసలు అలాగే విరుగుతాయి. అందుకే సీటులో ఇచ్చే దిండు చెక్కలా ఉంటుంది. పైలట్లందరూ తిట్టుకుంటారని మాకు తెలుసు. అయినా వేలెడు కూడా మెత్తబరిచేవాళ్ళం కాదు.

నీకేం తెలుసు పాపం. నొప్పి అన్నారు, మెత్తగా కుట్టిచ్చావు. ఏ భార్యయినా అదే చేస్తుంది. కానీ ఆ గీతలు నావే. బొమ్మకని నేను గీసిన గీతల మీద ఆయన రోజూ కూర్చుని ఆకాశంలోకి వెళ్తున్నారు.

నువ్వు పంపిన చిన్న దిండు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. దాన్ని ముట్టుకోలేకపోతున్నాను. ఉన్నదంతా పెడతానని గొప్పలు పోయాను కదా. పెడితే ఆ ప్రమాదం ఖాయమైపోతుందేమోనని భయంగా ఉందే.

ఇవాళే తీసెయ్. తీసేసినట్టు రాయి.

అక్క


క్వార్టర్స్, వంటింటి గట్టు మీద
జులై చివర

అక్కా,

తీసేశాను. నీ ఉత్తరం చదువుతూనే సంచిలోంచి తీసి కత్తెరతో కోసేశాను. ఆ తొందరలో వేలు కూడా తెగింది. స్పాంజి ముక్కలు చెత్తబండిలో వేసేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఆయనకి కోపం వచ్చింది. ముందు నవ్వారు. "మీ అక్క సీట్ల దగ్గర పనిచేసి చేసి అందరూ దూకుతారనే అనుకుంటుంది. నేను ఎగరడానికి ఎక్కుతాను, దూకడానికి కాదు" అన్నారు. నేను ఏడవడం మొదలుపెట్టేసరికి కోపం వచ్చింది. చివరికి, సరే, వెయ్యను అన్నారు.

నీ దగ్గర ఒకటి దాచాను. నడుం పట్టెయ్యడం కాదక్కా. వేసవి వానల్లో ఒకరోజు విమానం రెక్క మీంచి జారి కింద సిమెంటు మీద పడ్డారు. చుట్టూ ఎవరూ లేరట. లేచి దులుపుకుని ఇంటికి వచ్చేశారు. ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పొద్దన్నారు. చెప్తే ఎగరనివ్వరు. ఆర్నెల్లు ఆఫీసులో కూర్చోబెడతారు, ఆ తర్వాత కూడా ఎక్కనిస్తారో లేదో. ఆయనకి ఎగరడం తప్ప ఏమీ చేతకాదక్కా. ఫ్యూజు కూడా నేనే వేస్తాను. నేల మీద ఆయన్ని నేను ఊహించుకోలేను.

ఇప్పుడు దిండు పోయింది కాబట్టి భయం లేదు కదా? లేదని రాయి.

చెల్లి


వెనక గది
ఆగస్టు

గిలక్కాయా,

లేదని రాయలేను. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

దిండు పోయింది సరే, నొప్పి ఎక్కడికి పోయింది? అలా పడ్డ మనిషి, సోఫాలో కూర్చోలేని మనిషి, చెక్కలాంటి సీటు మీద బెల్టులు బిగించుకుని అంతసేపు ఎలా కూర్చుంటున్నాడు? కింద ఏదో ఒకటి వేసుకుంటాడు తల్లీ. తువ్వాలో, బనీనో, ఏదో ఒకటి. సంచి చూడు.

మా వర్క్‌షాపులో జరిగింది నీకెప్పుడూ చెప్పలేదు. ఒక పైలట్ విమానంలోంచి దూకి బతికాడు. కొన్నాళ్ళకి చక్రాల కుర్చీలో మా దగ్గరికి వచ్చి, తన సీటు చూడాలన్నాడు. తీసుకొచ్చి చూపించాం. మా అందరికీ ఒకటే భయం, ఎక్కడ ఎవరు ఏ మర సరిగా బిగించలేదోనని. అతను అంతా తడిమి చూసి, "మీ తప్పేం లేదు. చలేసి స్వెట్టరు మడిచి కింద వేసుకున్నాను" అన్నాడు. అంతే అన్నాడు. మరిదిగారి కంటే చిన్నవాడు. అతన్ని తోసుకుంటూ తీసుకెళ్ళిపోయాక కూడా మేమెవరం కూర్చోలేదు.

నువ్వు డాక్టరుతో చెప్పాలి. నాకు తెలుసు, ఎంత పెద్ద మాట అంటున్నానో. కానీ ఎముకకి ఏమైందో ఎక్స్‌రే ఫొటో తీస్తే తప్ప తెలియదు. ఆయన చెప్పరు. నువ్వే చెప్పాలి.

విమానం పని ఆపేశాను. మీ బావ బల్ల ఖాళీ చెయ్యమని అడగడం కూడా మానేశారు. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా ఆ సీటు గుంట కనిపిస్తుంది, తల తిప్పుకుంటున్నాను.

అక్క


క్వార్టర్స్
ఆగస్టు

అక్కా,

చాలు. నీ ఉత్తరం వచ్చిందంటే విప్పాలంటేనే భయమేస్తోంది. చక్రాల కుర్చీ కథ నాకెందుకు రాశావు? రాత్రీ పగలూ అదే కళ్ళ ముందు ఆడుతోంది.

మొగుడి సంచి వెతికే రకాన్ని కాను నేను. వెయ్యనన్నారు, వెయ్యరు. నువ్వు నీ ఉద్యోగం ఇంకా చేస్తూనే ఉన్నావు, నా మొగుడి మీద. డాక్టరుకి చెప్పమంటున్నావే, చెప్పాక ఆ ఇంట్లో ఉండాల్సింది నువ్వు కాదు, నేను. ఆయన మొహంలోకి చూడాల్సింది నేను.

నువ్వు గనక ఎవరికైనా ఒక్క అక్షరం రాశావంటే నాకు అక్క లేదు. ఒట్టు.

పొద్దున విమానాలు లేచినప్పుడు స్టవ్ ఆర్పేస్తున్నాను. కుక్కరు మోతలో ఏ చప్పుడైనా వినపడకుండా పోతుందేమోనని. మొన్న పాలు విరిగిపోయాయి. ఇది నీకెందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

చెల్లి


వెనక గది
సెప్టెంబరు మొదట

చెల్లీ,

ఉత్తరం రాశాను, వాళ్ళ స్క్వాడ్రన్ డాక్టరుకి. కవరులో పెట్టి, అడ్రసు రాసి, పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. చెయ్యి లోపలికి పెట్టి మళ్ళీ తీసేసుకుని ఇంటికొచ్చాను. డబ్బా దగ్గర నిలబడ్డ ముసలాయన, "ఏమ్మా, అడ్రసు మర్చిపోయావా?" అన్నాడు. అవునన్నాను.

నీ దగ్గర దాపరికం ఎందుకు. ఆయనకేమవుతుందో అన్న భయం ఒకవైపు, నువ్వు నాకు లేకుండా పోతావన్న భయం ఒకవైపు. రెండోదే ఎక్కువ. ఒక మనిషి వెన్నెముక కంటే నా చెల్లెలు నాతో మాట్లాడటం నాకు ఎక్కువైపోయింది. ఇంతకంటే సిగ్గుచేటు ఉందా?

మీ బావతో చెప్పాను అన్నీ. ఆయన, "మనకి చెడ్డపేరు వచ్చినా పర్లేదు, డబ్బాలో వెయ్యి" అన్నారు.

ఈ సోమవారం కాక పై సోమవారం దాకా ఆగుతాను. ఈలోగా నువ్వు చెప్తే నా ఉత్తరం చింపేస్తాను. చెప్పకపోతే ఆ సోమవారం పొద్దున పోస్టు చేసేస్తాను. నన్ను తిట్టు, మాట్లాడకు, నా గుమ్మం తొక్కకు. నాకు చెల్లెలు లేకపోయినా నీకు మొగుడు ఉండాలి.

అక్క


క్వార్టర్స్, వెనక వరండా
సెప్టెంబరు

అక్కా,

నీ ఉత్తరం చింపెయ్. నేను డాక్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి నీ కవరు గుమ్మంలో పడి ఉంది. విప్పకుండానే అందులో ఏముందో తెలిసిపోయింది.

ఎలా జరిగిందో వరసగా చెప్తాను, మళ్ళీ ఎప్పుడూ అడగకు.

గురువారం రెండు విమానాలు లేచాయి. ఒకటి ఆయనది. మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. చాలాసేపటికి ఒక్కటే తిరిగొచ్చింది. రెండోదాని చప్పుడు కోసం చూశాను, చూశాను. రాలేదు. తడి దుప్పటి చేతిలో అలాగే పట్టుకుని, చెప్పుల్లేకుండా రన్‌వే గేటు దాకా పరిగెత్తాను. సెంట్రీ ఏమీ చెప్పడు. "మాకు తెలీదమ్మా, ఇంటికెళ్ళండి" అంటాడు. ఇంటికెళ్ళండి అన్న మాట అంత భయంగా ఉంటుందని నాకు తెలీదు. ఎదురింటావిడ వచ్చి నా చేతిలోంచి దుప్పటి తీసుకుంది.

మబ్బు పట్టిందని రెండో విమానం ఇంకో చోట దిగిందట. ఆయనది ముందు దిగినదే. పైలట్ల గదిలో కూర్చుని టీ తాగుతున్నారు, నేను గేటు దగ్గర చచ్చిపోతుంటే.

సాయంత్రం నవ్వుకుంటూ వచ్చారు. "దుప్పటితో విమానం పట్టుకుందామని వచ్చావట" అన్నారు. అప్పటికే వాళ్ళందరికీ తెలిసిపోయింది. కుర్చీలో కూర్చుని బూట్లు విప్పబోయి, వంగలేకపోయారు. మొహం తెల్లగా పాలిపోయింది. "కాస్త విప్పు" అన్నారు. ఆ మనిషి నన్ను బూట్లు విప్పమని ఎప్పుడూ అడగలేదు. కింద కూర్చుని లేసులు విప్పుతుంటే పక్కన సంచి తెరిచి ఉంది. ఆకుపచ్చ గుడ్డ కనిపించింది.

నేను దిండు కోసేశాను కానీ, నేను గీసుకున్న పేపరు పారెయ్యలేదక్కా. ఆయన అది పట్టుకెళ్ళి బజారులో కుట్టించుకున్నారు. కుట్టు మోటుగా ఉంది. నాది ఒక్క వేలి మందం. ఇది మూడు వేళ్ళు.

బూట్లు తీసి గుమ్మం పక్కన పెట్టాను. అన్నం పెట్టాను. ఏమైనా అంటే మళ్ళీ వెయ్యననే అంటారు, నేను మళ్ళీ నమ్ముతాను.

మర్నాడు ఆయన బయల్దేరగానే నేనూ బయల్దేరాను. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుంటే, లేచి వెళ్ళిపోదామని ఎన్నిసార్లనిపించిందో. పిలిచారు. రెక్క మీంచి పడ్డ సంగతి, దిండు సంగతి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. డాక్టరు నన్నేమీ అడగకుండా ఫోను ఎత్తారు.

అప్పటికే మా ఆయనకి బెల్టులు బిగించేశారట. ఇంజను కూడా తిరుగుతోందట. ఆపి, నిచ్చెన వేసి, అందరి ముందూ దింపారు. కింద దిండు దొరికింది. ఆ మెకానిక్ ఆయన కంటే ఎక్కువ ఏడ్చాడని ఎవరో అన్నారు.

ఫొటో తీశారు. ఒక వెన్నుపూస పగిలి ఉందక్కా. పడ్డ రోజు నుంచీ. పగిలిన ఎముకతోనే అన్నాళ్ళూ ఎగిరారు. "ఈ నడుంతో దూకి ఉంటే, దిండు లేకపోయినా మళ్ళీ నడిచేవాడు కాదు" అన్నారు డాక్టరు. నొప్పి ఎక్కడికి పోయిందని నువ్వు అడిగావు చూడు, అందుకే నిన్ను అంత తిట్టాను. నాకూ అదే భయం, ఎవరూ పైకి అనకుండా ఉంటే బాగుండునని.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాక నన్ను ఒక్కటే అడిగారు. "ముందు ఎవరికి చెప్పావ్? మీ అక్కకా, డాక్టరుకా?" నేను నిజమే చెప్పాను. అక్కకి గొప్ప కోసం చెప్పాను, డాక్టరుకి భయంతో చెప్పాను అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. ఇవాళ్టి దాకా.

హాల్లో చెక్క బల్ల మీద పడుకుంటున్నారు, డాక్టరు చెప్పినట్టు. మందులు ఇస్తే వేసుకుంటారు. గ్లాసు నా చేతిలోంచి తీసుకోరు, బల్ల మీద పెట్టమని కళ్ళతో చూపిస్తారు. ఇక ఎగరనిస్తారా లేదా అన్నది డాక్టర్ల బోర్డు చెప్తుందట, చెప్పేవాళ్ళ మొహాలు చూస్తే ఆశ లేదు. విమానాలు లేచినప్పుడల్లా గోడ పట్టుకుని వరండాలోకి వచ్చి నిలబడతారు. అవి తిరిగొచ్చేదాకా లోపలికి రారు. వెనక నుంచి చూస్తుంటే నాకు గుండె పగిలిపోతుంది. నేనే చేశాను కదా ఇది.

నువ్వు ఇప్పుడే రాకు. నిన్ను చూస్తే ఇంకా మండిపడతారు. నీ మీద నాకు కోపం లేదు. ఉన్నా, అది నీకు తెలిసిన కోపమే.

భయం పోయిందా అంటే పోలేదు. ఇదివరకు పైకి చూసి భయపడేదాన్ని, ఇప్పుడు హాల్లోకి తొంగి చూసి భయపడుతున్నాను. ఈ మౌనం ఎన్నాళ్ళో, ఎన్నేళ్ళో తెలీదు. నన్ను క్షమిస్తారని కూడా అనుకోవడం లేదు.

కానీ కోపంగానైనా సరే, మనిషి ఇంట్లో ఉన్నారక్కా. తన కాళ్ళ మీద తను నిలబడి ఉన్నారు.

నీ చెల్లెలు